ఇల్లు చల్లబడని వేళ

తెలుగువారికి గ్రీష్మతాపం కొత్తది కాదు. మే నెల వచ్చిందంటే రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి ఊళ్ళ పేర్లు పత్రికల మొదటి పుటలకెక్కుతాయి. ఈ తాపాన్ని తట్టుకోవడానికి మన పూర్వికులు తమ ఇళ్ళనే సాధనాలుగా మలచుకున్నారు. మందమైన మట్టిగోడలు, పెంకుల కప్పులు, గాలివెలుతురులు ధారాళంగా ప్రసరించే మండువా లోగిళ్ళు, ముంగిట తాటాకు పందిళ్ళు, కిటికీలకు కట్టి నీళ్ళు చిలకరించే వట్టివేళ్ళ తడకలు - ఇవన్నీ ఆ కాలపు శీతలీకరణ సాధనాలే. కాలక్రమంలో పెంకుటింటి స్థానాన్ని కాంక్రీటు కప్పు ఆక్రమించింది. పందిరి పోయింది. మండువా మూతపడింది. వాటితోపాటే పోయిన చల్లదనాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కూలరు, ఎయిర్ కండిషనరు మన ఇళ్ళలో ప్రవేశించాయి.

యంత్రం వచ్చినంత మాత్రాన తాపం తీరుతుందన్న హామీ లేదు. "రెండు గంటలుగా ఏసీ నడుస్తూనే ఉంది, గది మాత్రం చల్లబడటం లేదు" అన్న మాట వేసవిలో ప్రతి వీధిలోనూ వినబడుతుంది. దీనిని సౌఖ్యం కోరేవారి ఫిర్యాదుగా తీసిపారవేయడం తగదు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు దేశంలో రెండువేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. మంచం దిగలేని వృద్ధులు, పసిబిడ్డలు, బాలింతలు, హృద్రోగులు ఉన్న ఇంట్లో ఒక గదైనా చల్లగా ఉండటం ప్రాణావసరం. అటువంటి ఇంట్లో యంత్రం మందగించినప్పుడు కారణం త్వరగా తెలియాలి. అది సరైన కారణమై ఉండాలి. పుండొకచోట, మందొకచోట అయితే డబ్బు పోవడమే కాక, ఎండలు ముదిరిన రోజులు కూడా వృథాగా గడిచిపోతాయి.

వేడి ప్రయాణం

లోపాన్ని వెదకడానికి ముందు యంత్రం చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. ఏసీ చల్లదనాన్ని తయారు చేస్తుందని చాలామంది భావిస్తారు. నిజానికి చల్లదనం తయారయ్యే వస్తువు కాదు. వేడి తరలిపోగా మిగిలిన స్థితికే చల్లదనమని పేరు. బావిలోని నీటిని చేదతో పైకి తోడినట్లు, ఏసీ గదిలోని వేడిని తోడి వెలుపల పారబోస్తుంది.

ఈ తోడకం నాలుగు దశలలో జరుగుతుంది. లోపలి యూనిట్‌లో రాగి గొట్టాల చుట్ట ఒకటి ఉంటుంది. దానినే కాయిల్ అంటారు. అందులో శీతలీకరణ ద్రవం తక్కువ పీడనంలో ఆవిరిగా మారుతూ గదిగాలిలోని వేడిని గ్రహిస్తుంది. ఆ ఆవిరిని వెలుపలి యూనిట్‌లోని కంప్రెసరు పీల్చి, గట్టిగా నొక్కి, బాగా వేడెక్కిన వాయువుగా మారుస్తుంది. వెలుపలి కాయిల్‌లో ఆ వాయువు తన వేడిని బయటి గాలికి అప్పగించి మళ్ళీ ద్రవమవుతుంది. చివరకు ఆ ద్రవం సన్నని మార్గం గుండా పోతూ పీడనాన్ని కోల్పోయి, చల్లబడి, లోపలి కాయిల్‌కు చేరుతుంది. ఈ చక్రం నిరంతరం తిరుగుతూనే ఉంటుంది.

కాబట్టి గది నెమ్మదిగా చల్లబడుతోందంటే మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండాలి. గదిలోకి వచ్చే వేడి ఎక్కువైనా కావాలి, గదిలోని వేడి యంత్రానికి అందకనైనా పోవాలి, లేదా యంత్రం తీసుకున్న వేడి బయటికి పోకుండానైనా ఉండాలి. లోపాన్ని వెదికేవారు ఈ దారి వెంటనే నడవాలి. దారి మొదలు చూడకుండా చివరికి పోయినవారికి కారణం దొరకదు.

గది బరువు

ముందుగా యంత్రం సామర్థ్యాన్ని అర్థం చేసుకుందాం. "ఒక టన్ను ఏసీ" అన్నప్పుడు టన్ను యంత్రం బరువు కాదు. పూర్వం ఐసుగడ్డలతో చల్లబరిచే కాలంలో, సుమారు 907 కిలోల మంచు 24 గంటలలో కరగడానికి గ్రహించే వేడిని ఒక టన్నుగా లెక్కించారు. నేటి కొలమానంలో అది సుమారు మూడున్నర కిలోవాట్లు. అంటే ఒక టన్ను యంత్రం పూర్తి శక్తితో పనిచేస్తే సెకనుకు మూడున్నర కిలోజౌళ్ళ వేడిని గదినుంచి తొలగించగలదు.

ఇప్పుడు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఒక పడకగదిని ఊహించండి. అందులోని గాలి బరువు సుమారు 40 కిలోలు. ఆ గాలిని పది డిగ్రీలు చల్లబరచడానికి సుమారు 400 కిలోజౌళ్ళ వేడిని తీస్తే చాలు. ఒక టన్ను యంత్రానికి అది రెండు నిమిషాల పని. అయినా గది గంటలకొద్దీ ఎందుకు చల్లబడటం లేదు?

సమాధానం తలపైకెత్తి చూస్తే కనబడుతుంది. అదే గది పైకప్పు ఐదు అంగుళాల మందం ఉన్న కాంక్రీటు స్లాబు అయితే, దాని బరువు సుమారు 3,400 కిలోలు. దానిని ఒక్క డిగ్రీ చల్లబరచడానికి సుమారు 3,000 కిలోజౌళ్ళు తీయాలి. అంటే ఒక టన్ను యంత్రం వేరే పని ఏదీ లేకుండా పద్నాలుగు నిమిషాలకు పైగా శ్రమిస్తే కప్పు ఒక డిగ్రీ దిగుతుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండను తాగిన కప్పు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. నాలుగు గోడలు, మంచం, బీరువా, పరుపులు కూడా తమ వంతు వేడిని దాచుకొనే ఉంటాయి. పై అంతస్తులో నివసించేవారి ఏసీ, అదే కంపెనీదైనా, కింది అంతస్తువారి ఏసీ కంటే మందంగా పనిచేస్తున్నట్లు తోచడానికి కారణం ఇదే.

ఈ లెక్కను బట్టి ఒక సత్యం తేటతెల్లమవుతుంది. మందకొడితనం కనబడినంత మాత్రాన యంత్రం చెడిపోయిందని నిర్ణయించరాదు. తప్పు కప్పుదైతే శిక్ష యంత్రానికి పడటం, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్లే అవుతుంది. మిద్దెపై సున్నంగాని, సూర్యకాంతిని తిప్పికొట్టే తెల్లని పూతగాని వేయించడం, పడమటి కిటికీకి బయటివైపు నీడ కల్పించడం, తలుపు కింది సందులు మూయడం వంటి పనులు యంత్రం భారాన్ని తగ్గిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో శీతల పైకప్పుల విధానాన్ని ప్రకటించడంలోని ఆంతర్యం కూడా ఇదే. విశ్రాంతిగా కూర్చున్న ఒక్కొక్క మనిషి శరీరం సుమారు నూరు వాట్ల వేడిని వెలువరిస్తుంది. పదిమంది బంధువులు ఒక గదిలో చేరితే, లోపల ఒక కిలోవాటు హీటరు వెలిగించినట్లే లెక్క.

కోస్తా జిల్లాలవారు మరొక సంగతిని కూడా గమనించాలి. ఏసీ గాలిలోని వేడితోపాటు తేమను కూడా తీసివేస్తుంది. అసలు 1902లో అమెరికా దేశంలోని బ్రూక్లిన్‌లో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు రూపొందించిన తొలి ఆధునిక ఎయిర్ కండిషనింగ్ వ్యవస్థ ఉద్దేశం మనుషులకు చల్లదనం ఇవ్వడం కాదు. ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం ఉబ్బి, రంగులు సరిగా కుదరకపోవడాన్ని అరికట్టడమే ఆయన లక్ష్యం. తేమ నీరుగా మారేటప్పుడు చాలా వేడిని వదులుతుంది. యంత్రం గొట్టం నుంచి ఒక లీటరు నీరు బయటికి వచ్చిందంటే, ఒక టన్ను యంత్రం పదకొండు నిమిషాలకు పైగా చేసిన పని ఆ నీటికే వెచ్చమయిందన్నమాట. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో తలుపు తీసి ఉంచి ఏసీ నడిపితే, అది సముద్రపు గాలిని పిండడంలోనే అలసిపోతుంది.

గదిదా తప్పు, యంత్రానిదా?

గది తప్పును, యంత్రం తప్పును వేరుచేసి చూపే పరీక్ష ఒకటి ఉన్నది. దానికి కావలసింది ఒక చిన్న ఉష్ణమాపకం మాత్రమే. కిటికీలు, తలుపులు మూసి, రిమోటులో చల్లబరిచే విధానాన్ని ఎంచుకొని, ఉష్ణోగ్రతను అన్నిటికంటే తక్కువ అంకెకు దించి, పంకా వేగాన్ని పెంచాలి. పదిహేను నిమిషాలు ఆగాలి. అటుపిమ్మట యంత్రంలోకి గాలి ప్రవేశించే పైభాగంలో ఒకసారి, చల్లని గాలి వెలువడే చోట మరొకసారి ఉష్ణోగ్రతను చూడాలి. ఉష్ణమాపకాన్ని తిరిగే పంకాకు తగలనీయకూడదు. ఈ రెండింటి మధ్య సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్లే. తేమ ఎక్కువగా ఉన్న రోజున ఈ తేడా కొంత తగ్గవచ్చు. తేడా సక్రమంగా ఉండి, వచ్చే గాలి ధారాళంగా ఉండి కూడా గది చల్లబడటం లేదంటే, వెదకవలసింది గదిలోనే. తేడా మూడు నాలుగు డిగ్రీలకు మించకపోతే యంత్రాన్ని పరిశీలించాలి.

ఈ పరీక్షకు ముందే రిమోటును ఒకమారు చూడటం మంచిది. పొరపాటున పంకా మాత్రమే తిరిగే విధానం నొక్కి ఉండటం, టైమరు పెట్టి ఉండటం వంటి స్వల్ప విషయాలు మెకానిక్‌ను పిలిపించిన సందర్భాలు తక్కువేమీ కావు. వ్యాపించి ఉన్న మరొక భ్రమను కూడా ఇక్కడ తొలగించుకోవాలి. ఉష్ణోగ్రతను 16కు తగ్గిస్తే గది త్వరగా చల్లబడుతుందని పలువురి నమ్మకం. రిమోటులోని అంకె బండిని పరుగెత్తించే కొరడా కాదు. బండి ఎక్కడ ఆగాలో చెప్పే మైలురాయి మాత్రమే. గది బాగా వేడిగా ఉన్నప్పుడు యంత్రం 24కు పెట్టినా, 16కు పెట్టినా తన పూర్తి శక్తితోనే పనిచేస్తుంది. తేడా అంతా ఎక్కడ ఆగుతుందన్నదే. భారతదేశంలో 2020 జనవరి 1 నుంచి గదులకు వాడే ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్దనే మొదలు కావాలన్న నియమం అమలులోకి రావడంలో విద్యుత్ పొదుపే ప్రధానోద్దేశం.

గాలి నడిచే దారి

యంత్రమే మందగించిందని తేలినప్పుడు మొదట చూడవలసింది గాలి దారిని. లోపలి యూనిట్ ముందుమూతను ఎత్తితే పలుచని వల వంటి ఫిల్టరు కనబడుతుంది. గదిలోని దుమ్ము, దూది పోగులు, వంటింటి జిడ్డు దానికి అంటుకొంటాయి. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే గదిలోని వేడి కాయిల్‌కు అందదు. వేడి అందని కాయిల్ అతిగా చల్లబడి, తేమ దానిపై మంచుగా పేరుకొంటుంది. ఆ మంచు మిగిలిన గాలిని కూడా అడ్డుకొంటుంది. యంత్రంలో మంచు కట్టినా గది ఉడికిపోతూ ఉండటం చూసేవారికి వింతగా తోచవచ్చు. కారణం ఇంతే. ఇటువంటప్పుడు యంత్రాన్ని ఆపి, మంచు దానంతట అది కరిగేవరకు వేచి ఉండాలి. కత్తితోనో చెంచాతోనో గీకితే పలుచని గొట్టం చిల్లుపడుతుంది. వేసవిలో పదిహేను రోజులకు ఒకసారి ఫిల్టరును తీసి, నీటితో కడిగి, నీడలో ఆరబెట్టి తిరిగి అమర్చుకోవడం ప్రతి గృహస్థుడూ చేసుకోదగిన పని.

తరువాత చూడవలసింది వెలుపలి యూనిట్‌ను. గదినుంచి తోడిన వేడి అంతా ఇక్కడే బయటపడాలి. దీనిని ఇరుకు బాల్కనీలో బిగించి, పావురాలు రాకుండా వల కట్టి, ముందు బట్టలు ఆరవేసి, పక్కన పాత సామాను పేర్చే ఇళ్ళు మనకు కనబడుతూనే ఉంటాయి. అప్పుడు వెలువడిన వేడిగాలి దూరంగా పోక, మళ్ళీ అదే యంత్రంలోకి ప్రవేశిస్తుంది. బయటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలైతే ఆ మూలలో అంతకంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది. తనకంటే వేడిగా ఉన్న చోటికి వేడిని నెట్టడం కంప్రెసరుకు కొండెక్కడం వంటిది. కొండ ఎత్తు పెరిగినకొద్దీ విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది, చల్లదనం తగ్గుతుంది. యంత్రం చుట్టూ ఖాళీ ఉంచి, గాలి పోయే వైపు అడ్డు తొలగించి, వీలైతే పైన నీడ కల్పించాలి. దాని రేకులలో చేరిన దుమ్మును కడిగించవలసి వచ్చినప్పుడు ముందుగా విద్యుత్తును పూర్తిగా నిలిపివేయాలి.

వెలుపలి పంకా తిరగకపోయినా, కంప్రెసరు మూలిగి ఆగిపోతున్నా లోపం విద్యుత్తుకు సంబంధించినది కావచ్చు. వేసవి సాయంకాలాలలో వాడకం పెరిగి వోల్టేజీ పడిపోవడం సాధారణం. కెపాసిటర్ అనే చిన్న భాగం బలహీనపడినా ఇదే లక్షణం కనబడుతుంది. దాని ధర కంప్రెసరు ధరతో పోలిస్తే అత్యల్పం. అయితే విద్యుత్తును ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన ఆవేశం నిలిచి ఉండగలదు. కనుక యంత్రం మూత విప్పే పని శిక్షణ పొందినవారికే వదిలివేయాలి.

"గ్యాసు అయిపోయింది"

ఏసీ చల్లబరచడం లేదనగానే వినవచ్చే తీర్పు "గ్యాసు అయిపోయింది" అన్నది. ఈ మాటలో ఒక మౌలికమైన పొరపాటు ఉన్నది. వంటగ్యాసు మండిపోతుంది కాబట్టి అయిపోతుంది. ఏసీలోని వాయువు మండదు, ఖర్చు కాదు. అది మూసిన గొట్టాలలో తిరుగుతూ, ద్రవమై, ఆవిరియై, మళ్ళీ ద్రవమవుతుంది. గొట్టాలు చెక్కుచెదరకుండా ఉంటే యంత్రం జీవితకాలమంతా అదే వాయువు సరిపోతుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. కారే చోటును మూయకుండా కొత్తగా నింపడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. ప్రతి వేసవికీ గ్యాసు నింపించుకొనే కుటుంబం నిజానికి తన చిల్లును ఏటేటా పోషించుకొంటున్నదన్నమాట.

కాయిల్ మీద మంచు కట్టడాన్ని గ్యాసు తగ్గిందనడానికి సాక్ష్యంగా చూపుతారు. మురికి పట్టిన ఫిల్టరు వలన కూడా మంచు కడుతుందని ఇంతకుముందే తెలుసుకున్నాం. కాబట్టి ఒక్క మంచును చూసి తీర్పు చెప్పరాదు. ఫిల్టరు, కాయిల్ శుభ్రంగా ఉండి, వెలుపలి పంకా బాగా తిరుగుతూ ఉండి, అయినా లోపలికి వెళ్ళే గాలికీ బయటికి వచ్చే గాలికీ తేడా అల్పంగా ఉన్నప్పుడే వాయువును అనుమానించాలి. గొట్టాల అతుకుల వద్ద నూనె మరకలు కనబడితే ఆ అనుమానం బలపడుతుంది.

అప్పుడు గృహస్థుడు మెకానిక్‌ను అడగవలసిన ప్రశ్న "ఎంతవుతుంది?" అన్నది కాదు. "ఎక్కడ కారుతోంది?" అన్నదే మొదటి ప్రశ్న. మంచి పనివాడు నైట్రోజన్ వాయువుతో గొట్టాలను పీడన పరీక్ష చేసి, సబ్బు నురుగుతోనో పరికరంతోనో కారే చోటును చూపిస్తాడు. దానిని సరిచేస్తాడు. తరువాత గొట్టాలలోని గాలిని, తేమను పంపుతో పూర్తిగా తోడివేస్తాడు. చివరకు యంత్రంపై అంటించిన చీటీలో ఉన్నంత వాయువునే తూకం వేసి నింపుతాడు. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుందే గాని పెరగదు. ఈ పనికి సమయం పడుతుంది. తగిన కూలి చెల్లించడం న్యాయం. పది నిమిషాలలో సిలిండరు తగిలించి వెళ్ళిపోవడం కంటే అది ఎన్నో రెట్లు చౌక.

ఈ జాగ్రత్తకు మరొక కారణం కూడా ఉన్నది. నేటి యంత్రాలలో విరివిగా వాడుతున్న ఆర్-32 అనే వాయువు స్వల్పంగా మండే స్వభావం కలది. ఆర్-290 అనబడేది సాక్షాత్తూ ప్రొపేన్, అది తేలికగా అంటుకొంటుంది. భూతాపాన్ని పెంచే విషయంలో ఆర్-32 బరువుకు బరువుగా బొగ్గుపులుసు వాయువు కంటే ఆరు వందల రెట్లకు పైగా శక్తిమంతమైనది. ఒక ఇంటి చల్లదనం కోసం గాలిలోకి వదిలిన వాయువు అందరి ఇళ్ళ వేడినీ పెంచుతుంది.

కూలరు సంగతి

తెలుగు నేలపై ఏసీ కంటే కూలరునే ఆశ్రయించే కుటుంబాలెన్నో ఉన్నాయి. దాని సూత్రం వట్టివేళ్ళ తడక సూత్రమే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. తడిసిన మేటుల గుండా పోయే గాలి ఆ వేడిని నీటికిచ్చి తాను చల్లబడుతుంది. మట్టికుండలో నీరు చల్లబడటం కూడా ఇందువల్లనే.

అయితే గాలి ఎంత పొడిగా ఉంటే కూలరు అంత బాగా పనిచేస్తుంది. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న అనంతపురం మధ్యాహ్నాన్ని తీసుకోండి. మంచి కూలరు నుంచి సుమారు 28 డిగ్రీల గాలి వస్తుంది. ఉష్ణోగ్రత 36 డిగ్రీలు, తేమ 65 శాతం ఉన్న విశాఖపట్నంలో అదే కూలరు 31 డిగ్రీలకు దిగువన గాలిని ఇవ్వలేదు. రెండు చోట్లా యంత్రం ఒక్కటే, తేడా అంతా గాలిలోనే ఉన్నది.

కూలరు విషయంలో అందరూ చేసే పొరపాటు గదిని మూసివేయడం. ఏసీకి పనికివచ్చే నియమం కూలరుకు పనికిరాదు. మూసిన గదిలో తేమ పెరిగిపోయి, కొంతసేపటికి నీరు ఆవిరి కావడమే మందగిస్తుంది. చెమట ఆరదు, ఉక్కపోత మొదలవుతుంది. కూలరును కిటికీ వద్ద ఉంచి, అది బయటి పొడిగాలిని పీల్చేటట్లు అమర్చి, ఎదుటివైపు తలుపునో కిటికీనో తెరిచి ఉంచాలి. బోరు నీటిలోని ఉప్పు మేటులపై తెల్లగా పేరుకొని గాలిని అడ్డుకొంటుంది. అటువంటి మేటులను మార్చాలి. నీటి పంపు ఆగిపోయినా, మేటులో ఒకవైపే తడిసినా ఫలితం సగమవుతుంది.

రెండు ప్రమాదాలను మాత్రం ఎన్నడూ మరువరాదు. నీళ్ళు పోసేటప్పుడు, తొట్టిని తాకేటప్పుడు ప్లగ్గును తప్పక తీసివేయాలి. తడిచేతితో కూలరును ముట్టుకొని విద్యుద్ఘాతానికి గురైనవారి వార్తలు ప్రతి వేసవిలోనూ వస్తుంటాయి. అదే విధంగా తొట్టిలో నిలువ ఉన్న నీరు డెంగీని వ్యాపింపజేసే దోమలకు పుట్టినిల్లు. వారానికొకసారి తొట్టిని ఖాళీ చేసి, అడుగు రుద్ది, ఆరబెట్టాలి.

చలికాలంలో ఇదే దారి

లంబసింగి, అరకు, ఆదిలాబాదు ప్రాంతాలను మినహాయిస్తే మనకు ఇంటిని వేడి చేసుకోవలసిన అవసరం అరుదు. ఉత్తర భారతదేశంలోను, శీతల దేశాలలోను స్థిరపడిన తెలుగువారికి మాత్రం అది నిత్యావసరం. వేడినీ చల్లదనాన్నీ రెండింటినీ ఇచ్చే యంత్రాలు ఇప్పుడు లభిస్తున్నాయి. వాటిలో ఒక కవాటం వాయువు తిరిగే దిశను మారుస్తుంది. అప్పుడు యంత్రం బయటి చలిగాలిలో ఉన్న కొద్దిపాటి వేడిని సైతం తోడి గదిలోకి చేరవేస్తుంది. చలి పెరిగినకొద్దీ బయట దొరికే వేడి తగ్గి, గది నెమ్మదిగా వెచ్చబడుతుంది. వెలుపలి కాయిల్‌పై మంచు కట్టినప్పుడు యంత్రం కొన్ని నిమిషాలు తాపనాన్ని ఆపి ఆ మంచును తానే కరిగించుకొంటుంది. దానిని చెడిపోవడమని భ్రమపడరాదు. వెదికే క్రమం మాత్రం మారదు. గదినుంచి పారిపోతున్న వేడి ఎంత? గాలి దారి శుభ్రంగా ఉన్నదా? వెలుపలి యూనిట్‌కు ఊపిరి ఆడుతున్నదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే వాయువు వంక చూడాలి.

క్రమమే కౌశలం

వైద్యుడు రోగి నాడి చూడకుండా శస్త్రచికిత్సకు పూనుకోడు. ముందు లక్షణాలు అడుగుతాడు, జ్వరం కొలుస్తాడు, సామాన్యమైన కారణాలను ఒక్కొక్కటిగా తొలగించుకొంటూ పోతాడు. ఇంటి యంత్రానికి సైతం ఈ క్రమమే వర్తిస్తుంది. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చయ్యేది తరువాత. కంటికి కనబడేది ముందు, కనబడనిది తరువాత. రిమోటు, ఫిల్టరు, తలుపు సందు, ఎండ పడే కప్పు, వెలుపలి యూనిట్ చుట్టూ ఉన్న ఖాళీ - వీటిని చూడటానికి ఏ పట్టా అక్కరలేదు. అరగంట ఓపిక, ఒక ఉష్ణమాపకం చాలు. విద్యుత్తు, వాయువు మాత్రం నిపుణుల అధీనంలోనివి. తాను చూసినదేమిటో, కొలిచినదేమిటో స్పష్టంగా చెప్పగలిగిన గృహస్థుడి దగ్గర నిపుణుడు కూడా నిజమే చెబుతాడు.

యంత్రం బాగుపడేవరకు ఇంట్లోని వృద్ధులను, పసివారిని ఉన్నచోటనే ఉంచి నిరీక్షించడం తగదు. వారిని కింది అంతస్తులోని నీడగదికో, ఇరుగుపొరుగు ఇంటికో చేర్చాలి. తరచుగా నీళ్ళు, మజ్జిగ ఇవ్వాలి. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి విసరాలి. మగత, మాట తడబడటం, ఒళ్ళు కాలిపోవడం వంటి లక్షణాలు కనబడితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అప్పుడు యంత్రాన్ని గురించి ఆలోచిస్తూ కూర్చోరాదు.

విజ్ఞానశాస్త్రం ప్రయోగశాల గోడల మధ్యనే ఉండేది కాదు. తరగతి గదిలో చదివిన గుప్తోష్ణం, పీడనం, ఉష్ణవాహకత అనే మాటలు మన పడకగది కప్పులో, కిటికీలో, గోడకు వేలాడే తెల్లని పెట్టెలో పనిచేస్తూనే ఉన్నాయి. వేడి ఎక్కడినుంచి వస్తున్నది, ఎటు పోతున్నది అని ప్రశ్నించడం నేర్చినవారు యంత్రానికి బానిసలు కారు, అపోహలకు లోబడరు. ఈ వేసవిలో తమ ఇంటి ఫిల్టరును ఒకసారి తీసి చూచిన విద్యార్థికి ఈ పాఠంలోని మొదటి మెట్టు తెలిసినట్లే.